ఇద్దరి మధ్య వ్రాసిన మాట

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 9:20–27, గలతీయులకు 2:11–14



మొన్నటి వేసవి ప్రారంభములో మన ఇబ్రహీంపట్నమునకు దూరము కాని యొక పల్లెలో వృద్ధుడైన ఉపాధ్యాయుని సమాధి చేసి వచ్చితిని. ఆయన ముప్పది యేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పెను. ఆదివారము కాపరి రాని దినములలో వాక్యము చెప్పెను. క్రిస్మసు నాటకములు వ్రాసెను, పాటలు కట్టెను. హేరోదు వేషము ఎవరు వేయవలెనో ప్రతి సంవత్సరము ఆయనయే నిర్ణయించెడివాడు. ఆ వేషము దొరకక అలిగినవారు నేటికిని ఉన్నారు. ఆయన పాటలు రెండు మూడు మన కూటములలో పాడుచున్నాము, కట్టినవాని పేరు ఎరుగకయే పాడుచున్నాము.

సమాధి జరిగిన వారమునకు ఆయన కుమార్తె ఒక రేకు పెట్టె పట్టించుకొని నా యొద్దకు వచ్చెను. అందులో పోస్టుకార్డులు, ఇన్‌లాండు కవరులు, దారముతో కట్టిన నోటుబుక్కులు ఉండెను. పంతులుగారు తాను వ్రాసిన ముఖ్యమైన ఉత్తరములకు నకలు ఉంచుకొను అలవాటు గలవాడు.

"నాయిన రాసినయి, నాయినకు వచ్చినయి అన్నీ ఉన్నయి అయ్యగారూ. నేను తెరిచి సూడలే. పాటలతోని కలిపి పుస్తకం ఏయిస్తె మంచిగుంటదని నాకున్నది. తమ్ముడేమో కాలవెట్టుమంటడు. మేమిద్దరం ఆదివారం వస్తం, అప్పుడు మీరే చెప్పుండ్రి" అని ఆమె వెళ్లెను.

ఇక్కడ నా తప్పు ఒప్పుకొనవలెను. ఆదివారము వరకు ఆగుమని ఆమె చెప్పకయే చెప్పినది. నేను ఆగలేదు. పాటలు ఎన్ని ఉన్నవో లెక్కింతమని ఆ రాత్రియే పెట్టె తెరచితిని. కొంతసేపటికి కరెంటు పోయినది. అయినను టార్చి వెలుగున చదువుచునే యుంటిని. అప్పటికి పాటల మాట మరచితిని. మరియొకరి ఇంటి కిటికీలోనుండి తొంగిచూచు పిల్లవానివలె నుంటిని. నా భార్య లేచి, "ఎవరి ఉత్తరాలవి?" అని అడిగినప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఆమె అడిగినదే అసలు ప్రశ్న. ఉత్తరము ఎవరిది? వ్రాసినవానిదా? అందుకొనినవానిదా? ఇద్దరును గతించిన పిమ్మట పెట్టె దొరకినవానిదా?

నేను చదివిన మిషను వేదపాఠశాల గ్రంథాలయములో అమెరికా దేశపు రచయితల జీవితచరిత్రలు, అచ్చువేసిన వారి ఉత్తరములు ఒక అలమర నిండ ఉండెను. ఎవరో మిషనరీ తిరిగి వెళ్లునప్పుడు విడిచిన పుస్తకములట. గ్రీకు వ్యాకరణము విసుగు పుట్టినప్పుడెల్ల నేను ఆ అలమర యొద్దకు పోవుచుంటిని. ఈ పెట్టె వచ్చిన పిమ్మట అవి మరల జ్ఞాపకమునకు వచ్చినవి. ఈ ప్రశ్న మన పల్లెకు మాత్రమే వచ్చినది కాదు.

ఎమిలీ డికిన్సన్ అను కవయిత్రి 1886లో చనిపోయెను. ఆమె జీవించియుండగా అచ్చైన పద్యములు పది పన్నెండుకు మించవు. తన కాగితములను కాల్చివేయుమని చెల్లెలితో చెప్పియుండెను. చెల్లెలు మాట నిలుపుకొని, అక్కకు ఇతరులు వ్రాసిన ఉత్తరములను కాల్చివేసెను. అయితే సొరుగులో దాదాపు పదునెనిమిది వందల పద్యములు బయటపడగా ఆమె చేయి ఆగిపోయినది. 1890లో పద్యములలో కొన్ని, 1894లో ఎమిలీ ఇతరులకు వ్రాసిన ఉత్తరములు అచ్చైనవి. చెల్లెలు విధేయురాలా, అవిధేయురాలా? నాకు తోచునంతలో రెండును. నథానియేల్ హాథార్న్ అను నవలాకారుడు 1864లో మరణింపగా ఆయన భార్య నోటుపుస్తకములు ముందర వేసికొని, తనకు నచ్చని మాటలను సిరాతో కొట్టివేసి, కొన్నిచోట్ల కత్తెరతో కత్తిరించి, మిగిలినది 1868లో అచ్చువేయించెను. ప్రేమతోనే కత్తిరించెను. కాని అచ్చులో కనబడిన మనుష్యుడు ఆమె భర్త కాడు, ఆమె కోరుకొనిన భర్త. ఇక మార్క్ ట్వేన్ తన స్వీయచరిత్ర సంపూర్ణముగా వెలువడుటకు తాను పోయిన నూరేండ్ల వరకు ఆగవలెనని కోరెను. ఆయన 1910లో మరణించెను. మొదటి సంపుటము 2010లో వచ్చెను. తాను ఎవరిని గూర్చి మాటలాడెనో వారందరును పోయిన పిమ్మట మాటలాడవలెనని ఆయన ఎత్తు. అది దయయో పిరికితనమో నేను తేల్చుకొనలేదు.

మన తెలుగునాటను ఈ సంగతి ఉన్నది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు తన స్వీయచరిత్రమును తానే వ్రాసి 1911లోను 1915లోను రెండు భాగములుగా బ్రదికియుండగనే ప్రకటించిరి. జవాబు చెప్పదలచినవారు చెప్పుటకు తావుండెను. గురజాడ అప్పారావుగారి మాట వేరు. ఆయన డైరీలు, ఉత్తరములు, వాటిలో ఎక్కువ ఇంగ్లీషులో వ్రాసినవి, ఆయన 1915లో గతించిన పిమ్మట ఇతరులు సేకరించి తెలుగులో ప్రకటించిరి. వాడుకభాషకొరకు ఆయన పడిన పాటు ఎంతటిదో ఆ కాగితములవలన మనకు తెలియును. తన దినచర్యలో వ్రాసికొనిన చిల్లరసంగతులను మనము చదువుదుమని ఆయన తలంచెనా? తలంచియుండడు. అయినను వాటిని కాల్చియుండిన మేలని నేను చెప్పజాలను.

పంతులుగారి పెట్టెను గూర్చి ఆలోచింపగా మొదట నాకు నోవహు డేరా జ్ఞాపకమునకు వచ్చెను. తండ్రి మత్తుడై వస్త్రహీనుడై పడియుండెను. హాము చూచెను, బయటికి వచ్చి అన్నదమ్ములకు చెప్పెను. షేమును యాపెతును వస్త్రము భుజములమీద వేసికొని వెనుకకు నడిచి, తండ్రిని చూడకయే కప్పిరి. హాము చెప్పినది అబద్ధము కాదు. నిజమును చెప్పియే అతడు తండ్రికి కీడు చేసెను. ఇది మనకు నేడు మరి యెక్కువగా కావలసిన మాట. ఒకరు తనకు రహస్యముగా వ్రాసినదానిని ఫోనులో పటముగా తీసి పదిమందికి పంపి, "ఉన్నదే కదా పంపినాను" అనువారు మన సంఘములలోను ఉన్నారు. ఉన్నదే, అయితే పంపవలసినది కాదు.

పెట్టెలో అట్టి ఉత్తరమొకటి ఉండెను. దూరపు ఊరినుండి ఒక తండ్రి తన కుమార్తె విషయమై పంతులుగారి సలహా అడిగినది. ఆ అమ్మాయి నేడు మనుమలతో ఎక్కడో ఉండవచ్చును. ఆ ఉత్తరమును గూర్చి ఇంతకంటె చెప్పను. ఆదివారము అక్కాతమ్ములు వచ్చినప్పుడు దానిని చదువకయే పొయ్యిలో వేయుమని చెప్పితిని, వేసిరి. నేను చదివితినని వారితో చెప్పి క్షమాపణ అడిగితిని.

ఇంకొకటి పంతులుగారు తన తమ్మునికి వ్రాసిన ఉత్తరము యొక్క నకలు. పొలము పంపకములో గట్టు తనవైపునకు జరుపుకొంటినని, ఆ సంగతి పదునాలుగేండ్లు మనస్సులో ముల్లువలె నున్నదని వ్రాసికొనెను. కుమారునికి ఇది అచ్చగుట ఇష్టము లేదు. కుమార్తె, "నాయిన తప్పు నాయిన ఒప్పుకున్నడు, ఇందుల దాసుడేంది?" అనెను. నాకు ఆమె మాట సరిగానే తోచినది. దావీదు పాపము దాచియుండినయెడల మనకు నాతాను ప్రవక్తయు ఉండడు, దావీదు పశ్చాత్తాపమును ఉండదు. తన తప్పును తాను వ్రాసికొనినవానిని మనము కప్పనక్కరలేదు. వస్త్రమును అతడే తీసివేసెను. అయినను అక్కాతమ్ములు ఏకమనస్కులగు వరకు ఆ నకలు పెట్టెలోనే యుండుననుకొంటిమి.

షేము వస్త్రము మూడవ ఉత్తరమునకు చాలలేదు. అదియును నకలే, ఒక స్నేహితునికి వ్రాసినది. ఆ కాలమున, సమీపమున నున్న యొక సంఘములో (పేరు చెప్పను) ప్రభురాత్రి భోజనమునకు రెండు గిన్నెలు ఉంచిరట. ఒక కులములోనుండి వచ్చిన విశ్వాసులకు ఒకటి, మరియొక కులములోనుండి వచ్చినవారికి వేరొకటి. ఎవరు ఏ గిన్నె పట్టుకొని నిలిచిరో పేర్లు వ్రాసెను. "నేను లేవలేదు, గిన్నె ముట్టలేదు, వెనుక వాకిటిగుండ ఇంటికి పోతిని, అయితే నోరు తెరచి ఒక్క మాటయు చెప్పలేదు" అని తన్నుగూర్చియు వ్రాసెను.

ఈ సంగతి తెలిసిన పెద్దలు ఇద్దరు నన్ను పిలిచి, "అయ్యగారూ, ఇది సంఘమునకు మచ్చ. ప్రేమ దోషములను కప్పును గదా" అనిరి. నేను చాల దినములు వారి మాటతోనే యుంటిని. అయితే ఆలోచించినకొలది ఒక సంగతి నన్ను బాధించెను. నోవహు డేరాలో దెబ్బ తిన్నవారు లేరు. ఇక్కడ ఉన్నారు. రెండవ గిన్నెలో త్రాగినవారు ఉన్నారు. మనము వస్త్రము కప్పునది ఎవరిమీద?

అప్పుడు ఆ అలమరలోని మరియొక పుస్తకము జ్ఞాపకమునకు వచ్చినది. ఫ్రెడరిక్ డగ్లస్ మేరీల్యాండు రాష్ట్రములో 1818లో దాసురాలికి పుట్టిన నల్లజాతివాడు. 1838లో పారిపోయి స్వతంత్రుడయ్యెను. 1845లో తన జీవితకథ అచ్చువేసెను. మనుష్యుని పశువువలె కొని అమ్ము దేశములో, పారిపోయిన దాసుడు తన యజమానుల పేర్లు, ఊళ్ల పేర్లు పుస్తకములో వేయుట ప్రాణముతో చెలగాటము. తన్ను మరల పట్టుకొందురను భయముచేత ఆయన సముద్రము దాటి ఇంగ్లండు, ఐర్లండు, స్కాట్లండు దేశములలో దాదాపు రెండేండ్లు తిరిగెను. అక్కడి స్నేహితులు చందాలెత్తి యజమానికి వెల చెల్లించి 1846లో ఆయనకు విడుదల పత్రము సంపాదించిరి.

ఆయన యజమానులలో థామస్ ఆల్డ్ అనువాడు 1832లో మెథడిస్టు కూటములలో రక్షణ పొందితినని సాక్ష్యమిచ్చెను. ఇక మనకు మంచిదినములు వచ్చునని దాసులు ఎదురుచూచిరి. వచ్చినది మరింత క్రూరత్వము. అంగవైకల్యముగల యొక యువతిని కొరడాతో కొట్టుచు లేఖనవాక్యము పలికెడివాడని డగ్లస్ వ్రాసెను. ప్రార్థనలు చేయు ఇల్లే అది! ఈ సంగతి చదివిన దినమున నేను పాఠశాల ప్రార్థనకూటములో కన్నులు మూసికొనలేకపోతిని. పుస్తకము చివర డగ్లస్, తాను దూషించునది క్రీస్తు మతమును కాదనియు, మనుష్యులను అమ్ముకొనువారి మతమును మాత్రమే యనియు వేరుగా చెప్పుకొనవలసి వచ్చినది. సంఘము మచ్చను ఆయన కప్పలేదు. కప్పియుండినయెడల ఆ యువతిమీద మన్ను కప్పినట్లే.

అయితే అదే పుస్తకములో ఆయన దాచినదియు ఉన్నది. బాల్టిమోరు వీధులలో రొట్టెముక్కలు పుచ్చుకొని తనకు చదువు నేర్పిన తెల్లబాలుర పేర్లు ఆయన చెప్పలేదు. దాసునికి చదువు నేర్పితిరని వారికి నింద కలుగకుండుటకే. తాను ఎట్లు పారిపోయెనో అదియును చెప్పలేదు. చెప్పినయెడల వెనుక వచ్చువారికి ఆ త్రోవ మూసికొనిపోవును. దాసత్వము తొలగిన చాల యేండ్లకు, 1881లో అచ్చైన స్వీయచరిత్రలో ఆ సంగతి వివరముగా వ్రాసెను. పేరు చెప్పవలసినచోట చెప్పుటయు, చెప్పరానిచోట మానుటయు ఒక్క మనుష్యునికే, ఒక్క పుస్తకములోనే సాధ్యమైనది.

ఆయనయు ఒకచోట తప్పెను. 1848లో పత్రికాముఖమున థామస్ ఆల్డ్‌కు బహిరంగలేఖ వ్రాసి, తన ముసలి అవ్వను ముసలి గుఱ్ఱమువలె అడవిలో విడిచితివని నిందించెను. అది నిజము కాదనియు, ఆల్డ్ ఆమెను ఇంటికి తెచ్చి పోషించెననియు తరువాత తెలియవచ్చెను. మరుసటి సంవత్సరమే డగ్లస్ అదే విధముగా అచ్చులో ఆ మాట దిద్దుకొనెను. 1877లో ఆల్డ్ మంచముపట్టి యుండగా డగ్లస్ వెళ్లి అతని ప్రక్కను కూర్చుండెను. అప్పుడును ఆ తప్పు మాట ఎత్తి ఒప్పుకొనెను. చాల యేండ్లు దెబ్బలకథ చెప్పినవాడు తాను చేసిన ఒక్క అన్యాయమునకు ముఖాముఖిగా లెక్క చెప్పెను. డగ్లస్ జీవితమంతటిలో నాకు ఎక్కువ ప్రియమైనది ఈ ఘట్టమే.

ఇంత దూరము పోనేల? వినుకొండలో 1895లో క్రైస్తవగృహమున పుట్టిన గుఱ్ఱం జాషువాగారు మనవాడు. తండ్రిది ఒక కులము, తల్లిది వేరొక కులము. నెలకు మూడు రూపాయల జీతముతో మిషను బడిలో పనిచేసెను. సినిమాలకు మాట రాని దినములలో తెర ప్రక్కను నిలిచి కథ చదివి వినిపించెను. గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పది యేండ్లు బోధించెను. పండితుల సభలో పద్యములు చదివినప్పుడు కులము పేర అవమానించిరి. అది హిందువుల తప్పని మనము సులభముగా చెప్పుదుము. పురాణములు చదువుచున్నాడని ఆయనను వెలివేసినవారు మన క్రైస్తవ పెద్దలే గదా! ఆ మాట మనము మెల్లగా చెప్పుదుము. 1941లో వచ్చిన గబ్బిలములో, గుడి వాకిలి దాటరాని నిరుపేద తన మొరను కాశీనాథునికి గబ్బిలముతో చెప్పి పంపును. గబ్బిలమునకు గుడిలో అడ్డు లేదు గనుక. తరువాత ఆయన "నా కథ" యని తన జీవితమునే పద్యములలో చెప్పెను. అవమానములను దాచలేదు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు ఆయన కాలికి గండపెండేరము తొడిగిన సంగతియు లోకము మరువలేదు; ఆ శాస్త్రిగారు బ్రాహ్మణుడు. వెలివేసిన సంఘములో పుట్టినవాడే క్రీస్తు చరిత్ర వ్రాసి 1964లో సాహిత్య అకాడెమీ బహుమానము పొందెను. ఆయన కుమార్తె హేమలతా లవణముగారు తండ్రిని గూర్చి వేరుగా పుస్తకము వ్రాసిరి. జాషువాగారి కథలోనుండి మనకు నొప్పి కలిగించు పుటలను, హాథార్న్ భార్యవలె, కత్తిరించినయెడల మిగులునది ఎవరి కథ?

గలతీయుల పత్రికను ఈ సందర్భమున మరల చదివితిని. అదియును ఒకరు వ్రాసిన ఉత్తరమే గదా. అంతియొకయలో పేతురు మొదట అన్యజనులతో కలిసి భుజించుచుండెను. యాకోబు యొద్దనుండి మనుష్యులు రాగానే భయపడి ప్రక్కకు తొలగెను. బర్నబాయు అతనితోకూడ కొట్టుకొనిపోయెను. పౌలు ఇది అంతయు పేర్లతో వ్రాసెను. రెండువేల యేండ్లుగా లోకమంతయు చదువుచున్నది. ఒక బల్లయొద్ద కూర్చుండుటను గూర్చిన తప్పు గనుక అది పేతురుగారి సొంత సంగతి కాదు, లేచిపోబడిన అన్యజనులది. పంతులుగారి రెండు గిన్నెలు అక్షరాల ఇదే. అయితే పౌలు పత్రిక వ్రాయుటకు ముందు మరియొకటి చేసెను. పేతురును ముఖాముఖిగా ఎదిరించెను. ఉత్తరము తరువాతిది.

ఇక నాకు చేయవలసినది తెలిసినది. ఆ ఉత్తరములో పేర్లుగలవారిలో ఒక్కడు ఇంకను జీవించియున్నాడు. ఎనుబది దాటినవాడు, చూపు ఆనదు. పంతులుగారి కుమార్తెను కుమారుని వెంటబెట్టుకొని నేను ఆయన ఇంటికి పోతిని. ఆయన కొడుకు వాకిట్లోనే అడ్డగించి, "ఎన్నటి ముచ్చటనో ఇప్పుడెందుకు అయ్యగారూ, ముసలాయనను కష్టపెడ్తరా?" అనెను. నేను తిరిగిపోవుదమా యని కూడ తలంచితిని. లోపలినుండి ముసలాయనయే, "ఎవరది? పంతులు పిల్లలా? రానియ్యి" అని పిలిచెను.

సంగతి చెప్పితిని. ఈ ఉత్తరము పుస్తకములో వేయవలెనో లేదో ముందుగా మీరు వినవలెనంటిని.

"సదువుండ్రి" అనెను.

చదివితిని. ఆయన పేరు వచ్చినచోట నా గొంతు తగ్గెను. "గట్టిగ సదువుండ్రి" అనెను. అంతయు ముగిసిన పిమ్మట చాలసేపు మాటలాడలేదు. కోడలు చాయ తెచ్చి పెట్టెను, ఎవరును ముట్టలేదు. తరువాత ఆయన,

"పంతులు ఆ దినం గిన్నె ముట్టలేదా? ముట్టిండనే అనుకున్న ఇన్నేండ్లు. వెనుక దర్వాజ నుంచి పోయిండా?" అనెను.

ఇంకొకమారు మొదటినుండి చదువుమనెను. రెండవమారు నేను చదువలేదు. కాగితము పంతులుగారి కుమార్తె చేతికిచ్చితిని, ఆమె చదివెను.